బెట్టకు నిలిచే చెట్టు

ఏప్రిల్ నెల మధ్యాహ్నం తార్నాక కూడలి నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోకి మళ్ళి ఆర్ట్స్ కళాశాల వైపు నడిచేవారిని కానుగ చెట్టు ఆశ్చర్యపరుస్తుంది. నేల పగుళ్ళు విచ్చి, గడ్డి తెల్లబారి, గాలి నిప్పులు చెరుగుతున్న సమయంలో అది లేత ఆకులు తొడుగుతుంది. వేప పూత రాలుస్తూ ఉంటుంది. రేల చెట్టు ఒక్క ఆకైనా లేకుండా పసుపు పూల గుత్తులను వేలాడదీస్తుంది. వాటి మధ్యనే కొన్ని చెట్లు మోడువారి, కొమ్మలు పుల్లల వలె ఎండి నిలబడి ఉంటాయి. చూచినవారు అవి చచ్చిపోయినవని భావిస్తారు. జూన్‌లో రెండు మంచి వానలు పడిన తరువాత అదే దారిలో నడిస్తే, ఆ మోళ్ళలో అనేకం పచ్చగా కనిపిస్తాయి.

ఈ పాఠానికి మూలం ఆ చిన్న పొరపాటే. బ్రతికి ఉన్నదానిని చచ్చినదిగానూ, చావబోతున్నదానిని పచ్చగా ఉన్నదిగానూ భావించడం మన మెట్ట అడవుల విషయంలో తరచుగా జరుగుతున్నది. అడవులను తిరిగి పెంచే ప్రయత్నాలలో అనేకం ఇక్కడనే దెబ్బతిన్నాయి.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినది. ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైనది. దాని చుట్టూ ఉన్న నేల దక్కను పీఠభూమికి చక్కని నమూనా. పైన పలుచని ఎర్రమట్టి, కింద నల్లరాయి, అక్కడక్కడ గుండ్రని బండలు, వాటి సందులలో సీతాఫలపు పొదలు కనిపిస్తాయి. హైదరాబాదులో ఏడాదికి సగటున దాదాపు 80 సెంటీమీటర్ల వర్షం కురుస్తుంది. అది తక్కువేమీ కాదు. అయితే అందులో అత్యధిక భాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు నాలుగు నెలలలోనే పడుతుంది. మిగిలిన కాలమంతా చెట్టు దాచుకొన్న నీటితో బ్రతకాలి. ఈ విధంగా సంవత్సరంలో చాలా నెలలు వాన లేకుండా గడిపే అడవులను ఉష్ణమండల శుష్క ఆకురాల్చు అడవులు అంటారు. ఆదిలాబాదు, నల్లమల, శేషాచలం అడవులలో ఎక్కువ భాగం ఈ తరగతికి చెందినవే.

అడవి అనగానే మన ఊహలో మెదిలేది ఎడతెగని వానలు, ఏడాది పొడుగునా పచ్చదనం, చీకటి గుబురులు. ఆ ఊహకు మన అడవులు సరిపోవు. అందువల్ల వాటిని పాడుబడిన పొదలుగా చిన్నచూపు చూడడం అలవాటైనది. డేనియల్ జాన్జెన్ అనే అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో ఇటువంటి అడవులను దీర్ఘకాలం పరిశీలించి, ఉష్ణమండలంలోని ప్రధాన అటవీ రకాలలో అన్నిటికంటె ఎక్కువ ప్రమాదంలో ఉన్నవి శుష్క అడవులేనని 1988లో రాశాడు. కారణం తెలుసుకోవడం కష్టం కాదు. ఈ అడవుల నేల వ్యవసాయానికి అనువైనది. ఇక్కడి ఎండ పంటకు మంచిది. ఎండు ఆకులకు నిప్పు అంటించడం సులభం. పశువులను మేపడం ఇంకా సులభం.

అడవి పోతే ఏమి పోతుందో చెప్పడానికి ఒక బొమ్మను ఉదాహరణగా తీసుకొందాం. నిర్మల్ బొమ్మలనూ, కొండపల్లి బొమ్మలనూ మీరు చూచే ఉంటారు. దశావతారాలు, ఎడ్లబండి, పండ్లు, పక్షులు, జంతువులు. వాటిని చేతిలోకి తీసుకొన్నప్పుడు మొదట తెలిసేది వాటి తేలికదనం. ఆ తేలికదనం పొనికి కర్రది. తెల్ల పొనికి అని కూడా పిలిచే ఈ చెట్టు తూర్పు కనుమలలోనూ, దక్కను రాతిగుట్టల మీదనూ పెరుగుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని గివోషియా అనే ప్రజాతిలో చేర్చారు. ఈ ప్రజాతిలోని ఒక జాతి భారతదేశంలోనూ శ్రీలంకలోనూ ఉండగా, మిగిలిన జాతులు సముద్రానికి అవతల మడగాస్కర్ దీవిలోనూ తూర్పు ఆఫ్రికాలోనూ ఉండడం ఒక విశేషం. పొనికి ఆకు వెడల్పుగా ఉండి, అడుగు భాగం తెల్లని నూగుతో మెత్తగా ఉంటుంది. వేసవిలో ఆకులన్నీ రాలిపోతాయి. కర్ర ఎంత మెత్తనిదంటే ఉలి దాని మీద వెన్నలో వలె సాగుతుంది. కొండపల్లి కళాకారులు దానిని సన్నని సెగ మీద ఆరబెట్టి, ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, రంగులు వేస్తారు. వేరే కర్రతో బొమ్మ చేయవచ్చు. అయితే అది బరువెక్కుతుంది, బీటలు వారుతుంది. కొనేవారికి ఆ తేడా తెలియకపోవచ్చు గాని చెక్కేవారి చేతికి తెలుస్తుంది.

ఇప్పుడు పొనికి అడవిలో అరుదైపోయినది. ఒకప్పుడు ఊరి పక్క గుట్ట మీదనే దొరికే కర్ర కోసం కళాకారులు దూర ప్రాంతాలకు పోవలసి వస్తున్నది. కొట్టడం వలన చెట్లు తగ్గాయనే మాట నిజమే గాని, అది సగం నిజం. కొట్టిన చెట్ల స్థానంలో కొత్తవి ఎందుకు రాలేదన్నది అసలు ప్రశ్న.

పొనికిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. తాటిచెట్టులోనూ, బొప్పాయిలోనూ ఈ విషయం మనకు తెలిసినదే. ఒక గుట్ట మీద ఇరవై చెట్లు ఉన్నప్పుడు పది కొట్టినా, మిగిలిన పదింటిలో ఆడవీ మగవీ ఉండే అవకాశం ఉన్నది. కొడుతూ కొడుతూ రెండు మూడు చెట్లు మిగిలినప్పుడు అవి అన్నీ మగవే కావచ్చు, అన్నీ ఆడవే కావచ్చు. అప్పుడు చెట్టు కళ్ళెదుట నిలిచి ఉంటుంది, ఆకు తొడుగుతుంది, పూస్తుంది. విత్తు మాత్రం పుట్టదు. లెక్కల ప్రకారం ఆ గుట్ట మీద పొనికి ఉన్నట్లే. నిజానికి ఆ వంశం అక్కడితో ఆగిపోయినది. ఒంటరి చెట్టును చూచి అడవి ఉన్నదనుకోవడం ఎంత ప్రమాదమో దీనివలన తెలుస్తుంది.

విత్తు పుట్టినా కష్టాలు తీరవు. పొనికి గింజ చుట్టూ గట్టి పెంకు ఉంటుంది. అది మొలవడానికి చాలా కాలం పడుతుంది, మొలిచేవి కూడా తక్కువ. దీనినే విత్తనపు సుప్తావస్థ అంటారు. ఈ నిద్ర లోపం కాదు. ఏప్రిల్‌లో వచ్చే అకాల వర్షానికి మోసపోయి మొలిచిన విత్తు మే నెల ఎండలో మాడిపోతుంది. నిద్రపోయిన విత్తు ఆ ఉచ్చును తప్పించుకొంటుంది. అడవికి మేలు చేసే ఈ గుణమే నర్సరీ నడిపేవారికి తలనొప్పిగా మారినది. పెంకు తొలగించి, లోపలి పిండాన్ని గాజు నాళికలో పోషక ద్రవ్యాలతో పెంచే పద్ధతులను కూడా శాస్త్రజ్ఞులు పరీక్షించారు.

ప్రతి చెట్టుదీ ఒక్కొక్క తీరు. శేషాచలం కొండలలో, వాటి చుట్టుపక్కల అడవులలో పెరిగే జాలారి చెట్టు తీరు పొనికికి పూర్తిగా వ్యతిరేకం. ఇది గుగ్గిలం, సాల వృక్షాల కుటుంబానికి చెందినది. రెక్కలు గల దీని కాయ గాలిలో గింగిరాలు తిరుగుతూ రాలుతుంది. దీని విత్తుకు నిద్ర తెలియదు. రాలిన కొద్ది రోజులలో తడి తగిలితే మొలుస్తుంది, ఎండిపోతే చచ్చిపోతుంది. ఇటువంటి విత్తును సీసాలో పోసి వచ్చే ఏడాదికి దాచిపెట్టడం సాధ్యం కాదు. వానలు రెండు వారాలు ఆలస్యమైతే ఆ సంవత్సరపు పంట అంతా నేల మీదనే వృథా అవుతుంది. కరవు అనే మాట పొనికికి ఒక అర్థాన్నీ, జాలారికి మరొక అర్థాన్నీ ఇస్తున్నది.

ఇక రక్తచందనం. ఎర్రచందనంగా ప్రసిద్ధమైన ఈ వృక్షం తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ముఖ్యంగా పూర్వపు కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల కొండలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజసిద్ధంగా విస్తారంగా పెరగదు. రాతి నేలలో, వేడి గాలిలో నెమ్మదిగా పెరుగుతూ లోపల ఎర్రని చేవను కూడబెట్టుకొంటుంది. ఆ చేవ విలువే దానికి శత్రువైనది. అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే ఒడంబడిక రెండవ అనుబంధంలో దీనిని 1995లో చేర్చారు. ప్రకృతి పరిరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ సంఘపు ఎర్ర జాబితాలో ఒక దశలో దీని ప్రమాద స్థాయిని తగ్గించి, 2021లో మళ్ళీ ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. శేషాచలం కొండలు 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా గుర్తింపు పొందాయి. అయినా దొంగరవాణా ఆగలేదు. దాని కోసం మనుషుల ప్రాణాలు సైతం పోయాయి. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు రక్తచందనాన్ని కణజాల వర్ధనం ద్వారా పెంచే విధానాలపై 1990వ దశకంలోనే పరిశోధనలు చేశారు. ప్రయోగశాలలో మొలకను పుట్టించడం ఒక ఎత్తు. దానిని కొండ మీద మూడు వేసవులు బ్రతికించడం మరొక ఎత్తు.

ఈ మూడు వేసవులే అన్నిటికంటె ముఖ్యం. పెద్ద చెట్టు వేరు రాతి పగుళ్ళలోకి దిగి, పైమట్టి ఎండిన తరువాత కూడా తేమను వెతుక్కొంటుంది. జూన్‌లో నాటిన మొక్కకు ఆ వేరు లేదు. అక్టోబరులో వానలు వెనుదిరిగే లోపల అది తన తల్లివేరును ఎంత లోతుకు దింపగలిగితే అంత ఆయుష్షు. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని మన పెద్దలు అన్నారు. రోలు పగిలే ఎండలో జానెడు వేరుతో నిలిచిన మొక్క సంగతి ఊహించవచ్చు.

వానలు కూడా క్యాలెండరు చూచి రావు. 2002లో దేశమంతటా జూలై నెల వర్షపాతం సాధారణం కంటె దాదాపు సగం తగ్గినది. 2009లో జూన్ వానలు అదే విధంగా మొగం చాటేశాయి. జూన్ మొదటి వానకు నాటిన మొక్క 2002లో ఎదుర్కొన్నది వానాకాలపు నడుమ వచ్చిన వేసవిని. 2015లో తెలంగాణలో 231 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించారు. 230 కోట్ల మొక్కల లక్ష్యంతో హరితహారం కార్యక్రమం మొదలైనది కూడా అదే సంవత్సరం జూలైలోనే. ఆ ఏడాది ఎల్ నినో ప్రభావం వలన జాన్జెన్ పనిచేసిన కోస్టారికా శుష్క అడవులు సైతం తీవ్రమైన బెట్టను చవిచూశాయి. భూగోళానికి చెరొక వైపున ఉన్న రెండు అడవులకు ఒకే సంవత్సరం ఒకే పరీక్ష పెట్టినది.

లక్ష్యాల అంకెలను నేను తక్కువ చేయడం లేదు. నాటనిదే ఏదీ పెరగదు. అయితే నాటిన మొక్కల సంఖ్యే ఫలితమని భావించినప్పుడు సులభంగా మొలిచే, వేగంగా పెరిగే జాతుల వైపు మనసు పోతుంది. సుబాబుల్ అటువంటిదే. మధ్య అమెరికా నుండి వచ్చిన ఈ చెట్టు విత్తనాలను కుప్పలుగా రాల్చి, ఖాళీ స్థలాలను ఆక్రమిస్తుంది. రెండేళ్ళలో పచ్చదనం వచ్చినట్లే కనిపిస్తుంది. దాని నీడలో పొనికి మొలవదు, జాలారి మొలవదు.

మరి అరుదైన చెట్టును బెట్టకు నిలిచేటట్లు పెంచడం ఎట్లా? పని విత్తు ఏరడంతోనే మొదలవుతుంది. రోడ్డు పక్కన అందుబాటులో ఉన్న ఒకే చెట్టు నుండి బస్తాడు కాయలు కోసి తెస్తే వేయి మొక్కలు వస్తాయి గాని, ఆ వేయీ ఒకే తల్లి బిడ్డలు. ఒక తెగులుకు ఒకటి లొంగితే అన్నీ లొంగవచ్చు. ఒకదానికొకటి దూరంగా ఉన్న ఇరవై ముప్పై తల్లిచెట్ల నుండి కొద్దికొద్దిగా సేకరించాలి. అటువంటి చెట్లు ఎక్కడ ఉన్నవో తెలియాలంటే పాత రికార్డులు కావాలి. విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర విభాగాలలో ఉండే హెర్బేరియం విలువ ఇటువంటి సమయంలోనే తెలుస్తుంది. ఎప్పుడో ఒక విద్యార్థి గుట్ట ఎక్కి, కొమ్మ తుంచి, కాగితాల మధ్య ఆరబెట్టి, ఊరి పేరు, తేదీ రాసి అతికించిన నమూనా ఈనాడు ఫలానా చెట్టు ఫలానా చోట ఫలానా నెలలో కాసినదని సాక్ష్యం చెబుతుంది. ఉస్మానియాలోని నమూనాల భాండారం అటువంటిదే.

నర్సరీలో జరిగే తప్పు కంటికి కనిపించదు. చిన్న పాలిథిన్ సంచిలో మొక్క ఎక్కువ కాలం ఉంటే తల్లివేరు సంచి అడుగును తాకి, దారి లేక చుట్టలు చుట్టుకొంటుంది. పైన మాత్రం మొక్క ఏపుగా, చూడముచ్చటగా ఉంటుంది. దానిని గుంతలో నాటినప్పుడు వేరు నేరుగా కిందికి దిగదు. మొదటి బెట్టకే మొక్క వాలిపోతుంది, నింద వానకు పోతుంది. లోతైన సంచి, తగిన వయసు, నాటడానికి కొద్ది వారాల ముందు నుండి నీళ్ళు తగ్గించి ఎండకు అలవాటు చేయడం అవసరం. ముద్దుగా పెరిగిన మొక్క కంటె కొంచెం మొరటుగా పెరిగినదే కొండ మీద నిలుస్తుంది.

గుంతలు వేసవిలోనే తవ్వి ఉంచాలి. మృగశిర కార్తెలో తొలకరి పడినంత మాత్రాన తొందరపడక, నేల లోపలి వరకు నానిన తరువాత నాటాలి. వాలు మీద మొక్కకు దిగువ వైపున అర్ధచంద్రాకారంగా గట్టు వేస్తే పారిపోయే నీరు అక్కడ ఆగి ఇంకుతుంది. మొదలు చుట్టూ ఎండు ఆకులు, గడ్డి పరిస్తే తేమ త్వరగా ఆవిరి కాదు. కోస్టారికాలోని గ్వానకాస్తె ప్రాంతంలో 1980వ దశకం మధ్య నుండి చేసిన పని ఇందుకు భిన్నమైనది, మనం ఆలోచించదగినది. అక్కడ వారు ముఖ్యంగా నిప్పును ఆపారు. మేత కోసం తెచ్చిన విదేశీ గడ్డి ప్రతి వేసవిలో తగలబడి మొలకలను కాల్చివేస్తుండేది. మంటలను ఆర్పే దళాలను ఏర్పరచి ఏళ్ళ తరబడి కాపలా కాసిన తరువాత, గాలికి ఎగిరి వచ్చిన విత్తులు, పక్షులు తెచ్చిన విత్తులు వాటంతట అవే మొలిచి అడవిగా మారాయి. అయితే దీనికి ఒక షరతు ఉన్నది. సమీపంలో విత్తును ఇచ్చే అడవి మిగిలి ఉండాలి. ఆడ చెట్టో మగ చెట్టో ఒక్కటే మిగిలిన పొనికి గుట్ట మీద కాపలా ఒక్కటే చాలదు, అక్కడ నాటవలసినదే.

కాపలా మాట వచ్చినది కనుక ఒక ముచ్చట. తార్నాక అనే పేరు తార్, నాకా అనే రెండు మాటల కలయిక అని చెబుతారు. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా ఠాణా. ఒకప్పుడు ఇక్కడ తీగ కంచె, దానికి ఒక నాకా ఉండేవట. అడవి పెంచేవారికి ఈ పేరు బాగా అర్థమవుతుంది. మేక నోటికి అందని ఎత్తు పెరిగే వరకు మొక్కకు ఒక తార్, ఒక నాకా కావాలి. తీగకు ఖర్చవుతుంది, మనిషికి అంతకంటె ఎక్కువ ఖర్చవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుండి ఏర్పడిన వన సంరక్షణ సమితుల వెనుక ఉన్న ఆలోచన ఇదే. అడవి అంచున ఉన్న ఊరివారే నాకా కావాలి, ఆ అడవి ఫలసాయంలో వారికి పాలు ఉండాలి. పొనికి విషయంలో ఆ పాలు ఏమిటో వెతకవలసిన పని లేదు. బొమ్మ చెక్కేవాని కొడుకు ఉలి పట్టుకోవాలా, పట్నం వెళ్ళాలా అన్నది కొంతవరకు ఆ గుట్ట మీదనే తేలుతుంది.

చివరిగా లెక్కింపు. సాధారణంగా బ్రతికిన మొక్కల లెక్కను నాటిన ఏడాది లోపలనే తీస్తారు. వేగిస, తునికి వంటి చెట్ల మొలకలకు ఒక విచిత్రమైన అలవాటు ఉన్నది. మొదటి కొన్ని వేసవులలో వాటి పై కాండం పూర్తిగా ఎండి రాలిపోతుంది. వేరు మాత్రం నేలలో బలపడుతూ ఉంటుంది. వానకు మళ్ళీ కొత్త చిగురు వస్తుంది, వేసవికి మళ్ళీ ఎండుతుంది. ఇట్లా కొన్ని ఏళ్ళు కిందికి పెరిగిన తరువాత, ఒక సంవత్సరం ఎండిపోకుండా ఒక్కసారిగా పైకి లేస్తుంది. మే నెలలో లెక్క తీసిన ఉద్యోగి అటువంటి మొక్కను చచ్చినదని రాస్తాడు. ఆ గుంతలోనే మరొక జాతిని నాటుతారు. గడ్డపార మొదట నరికేది ఆ బలమైన వేరునే.

మీ కళాశాల ఆవరణలోనో, విశ్వవిద్యాలయ ఆవరణలోనో నాటిన మొక్కల లెక్క తీసే పని మీకు అప్పగిస్తే, చేతిలో ఒక పట్టిక, ఒక పెన్సిలు ఉంటే చాలు. ఎండినట్లు కనిపించే ప్రతి మొక్క కాండం మీద, మొదలుకు దగ్గరగా, గోటితో మెల్లగా గీయండి. గీత కింద పచ్చని పొర కనిపిస్తే పట్టికలో బ్రతికి ఉన్నదని రాయండి. కనిపించకపోతే చచ్చినదని రాయవద్దు. ఆగస్టులో మళ్ళీ చూడాలి అని రాసి, తేదీ వేయండి.